క్లోన్ కారు కొంటే కేసవుతుందా?

ప్రశ్న: నాకు చిన్నప్పటి నుంచి రిమోట్ కార్లంటే పిచ్చి. ఉద్యోగంలో కుదురుకున్నాక ఇప్పుడు 1/5 స్కేల్ (అసలు బండిలో అయిదో వంతు సైజు) పెట్రోల్ బగ్గీ కొందామనుకుంటున్నాను. హెచ్‌పీఐ కంపెనీ బాజా మోడల్ కొత్తది తెప్పించుకుంటే లక్షన్నర దాటుతోంది. అచ్చం అలాగే ఉండే క్లోన్ ఎనభై వేలకు వస్తోంది. ఇంకొకాయన తన దగ్గరున్న సెకండ్ హ్యాండ్ 'ఒరిజినల్' లక్షకు ఇస్తానంటున్నాడు. క్లోన్ కొంటే పోలీసు కేసవుతుందని మా బావ భయపెడుతున్నాడు. చట్టప్రకారం ఏది కొనడం మంచిది?
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: ముందు మీ బావగారి టెన్షన్ తీరుద్దాం. సొంతానికి ఆడుకోవడానికి క్లోన్ కారు కొన్నంత మాత్రాన మీ మీద పోలీసు కేసు కాదు. అయితే 'క్లోన్' అన్న ఒక్క మాటతో జనం రెండు వేర్వేరు వస్తువులను పిలుస్తున్నారు. చట్టం దగ్గర ఆ రెండూ ఒకటి కావు.

మొదటిది, వేరే కంపెనీ బండిని చూసి అదే కొలతల్లో చేసి, తన సొంత పేరుతో అమ్మేది. రోవాన్, కింగ్ మోటార్ అలాంటివే. డబ్బా మీద, చాసిస్ మీద వాళ్ల పేరే ఉంటుంది. బాజా విడిభాగాలు చాలావరకు వీటికి, వీటివి బాజాకు సరిపోతాయి. రెండోది, ఎవరో చేసిన బండి మీద హెచ్‌పీఐ అనో, లోసీ అనో పేరున్న కంపెనీ స్టిక్కర్ వేసి, ఆ పేరు చెప్పి అమ్మేది. ఇది నకిలీ. ట్రేడ్ మార్క్స్ చట్టం 1999లోని 103, 104 సెక్షన్లు ఉన్నది దీనికోసమే. ఒకరి మార్కును తప్పుగా వేసినా, అలా వేసిన సరుకు అమ్మినా ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. గమనించండి, ఆ సెక్షన్లు చేసేవాణ్ని, అమ్మేవాణ్ని పట్టుకుంటాయి. కొనుక్కుని ఇంట్లో పెట్టుకున్నవాణ్ని కాదు.

'మరి ఆకారం కాపీ కొట్టారు కదా' అంటారా? ఆకారానికి రక్షణ డిజైన్స్ చట్టం 2000 కింద వస్తుంది. అది పదేళ్లు, పొడిగించుకుంటే ఇంకో అయిదేళ్లు. అంతకు మించి లేదు. బాజా 5బి మోడల్ మార్కెట్లోకి వచ్చి 15 ఏళ్లు ఎప్పుడో దాటాయి. ఆనాడు మన దేశంలో ఆ డిజైన్ రిజిస్టర్ చేయించి ఉన్నా ఈపాటికి గడువు తీరిపోయేది. పేరు సంగతి అలా కాదు. పదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకుంటూ పోతే ట్రేడ్ మార్కుకు చావు లేదు. అందుకే ఈ వ్యవహారంలో మీరు చూడాల్సింది బండి రూపం కాదు, దాని మీద ఉన్న పేరు.

ఈ లెక్కన మీకూ చిక్కు వచ్చే సందర్భం ఒకటుంది. సరదాకి క్లోన్ మీద హెచ్‌పీఐ స్టిక్కర్లు అతికించుకుని తిప్పుకుంటే అడిగేవాడు లేడు. రెండేళ్లాగి అదే బండిని 'ఒరిజినల్' అని ఇంకొకరికి అమ్మారనుకోండి, అప్పుడు అమ్మేవాడు మీరే. 104 సెక్షన్ మీకూ తగులుతుంది. దాంతోపాటు భారతీయ న్యాయ సంహిత 318 కింద మోసం కేసు కూడా రావచ్చు.

ఇక దిగుమతి. విదేశీ సైట్‌లో మీరే ఆర్డర్ పెడితే కస్టమ్స్ గడప దాటాలి. నకిలీ మార్కున్న సరుకును ఆపడానికి 2007లో కస్టమ్స్ నిబంధనలు తెచ్చారు. సొంత వాడకానికి వచ్చే చిన్న పార్సిళ్లను వాటి నుంచి మినహాయించారు. కాబట్టి ఒక్క క్లోన్ బండికి అక్కడ భయం లేదు. భయపడాల్సిన విషయం వేరు. చాలామంది అమ్మకందార్లు సాయం చేస్తున్నామనుకుని పార్సిల్ మీద 'గిఫ్ట్' అని రాసి, వెల తగ్గించి చూపిస్తారు. వద్దని ముందే చెప్పండి. వెల తప్పుగా చూపితే సరుకు జప్తు చేయొచ్చు, పెనాల్టీ వేయొచ్చు. ఆ కాగితాల మీద పేరు మీది, చైనాలో ఉన్న అమ్మకందారుది కాదు. రిమోట్ 2.4 గిగాహెర్ట్జ్‌ది అయితే వాడుకోవడానికి లైసెన్సు అక్కర్లేదు గానీ, దిగుమతి చేసేటప్పుడు టెలికాం శాఖ వారి ఈటీఏ (వైర్‌లెస్ పరికరానికి ఇచ్చే ఆమోదం) పత్రం అడుగుతారు. ఈ తలనొప్పులన్నీ చూసుకునే ఇక్కడి దిగుమతిదారు దగ్గర పది వేలు ఎక్కువైనా కొనడమే మేలని నా అభిప్రాయం.

కొత్త ఒరిజినల్ కొన్నా ఒక మెలిక ఉంది. అధీకృత డీలరు కాకుండా వేరే వ్యాపారి బయట దేశంలో కొని తెచ్చి అమ్మితే అది అసలు సరుకే, అమ్మడం నేరమూ కాదు. 2012లో శాంసంగ్ ప్రింటర్ల కేసులో ఢిల్లీ హైకోర్టు డివిజన్ బెంచ్ అలాగే తేల్చింది. కానీ కంపెనీ వారంటీ లేదన్న మాట కొనేవాళ్లకు కనబడేలా పెట్టాలని కూడా చెప్పింది. కాబట్టి 'ఒరిజినలేనా' అని అడిగి ఊరుకోకండి. 'వారంటీ ఎవరిస్తారు, కంపెనీయా, మీరా' అని కూడా అడగండి.

బిల్లు గురించి కాస్త గట్టిగా చెప్పాలి. రెండేళ్ల కిందట ఒక కుర్రాడు ఇలాంటి కారు ఇంజిన్ని పాత పేపర్లో చుట్టి నా ఆఫీసుకు తెచ్చాడు. టేబుల్ మీద పెట్టగానే గదంతా పెట్రోల్ వాసన. జపాన్ జెనోవా ఇంజిన్ అని చెప్పి అమ్మారట, మెకానిక్ విప్పి చూసి కాదన్నాడట. బిల్లు చూపించమన్నాను. దాని మీద ఒకే ఒక్క లైను: 'ఆర్‌సీ కార్ – 1'. కంపెనీ పేరు లేదు, మోడల్ లేదు, ఇంజిన్ ఊసే లేదు. వాట్సాప్‌లో మాత్రం 'హండ్రెడ్ పర్సెంట్ ఒరిజినల్ అన్నా, జెనోవా ఇంజిన్' అని ఉంది. అది కూడా స్క్రీన్‌షాటే, ఫోన్ మార్చేశాడు. పాత ఫోన్ వాళ్ల చెల్లెలి దగ్గర ఉండబట్టి బతికిపోయాం. నోటీసు అందాక షాపాయన సగానికి పైగా డబ్బు తిరిగిచ్చి రాజీకొచ్చాడు. బిల్లు సరిగా ఉంటే మొత్తం అడిగేవాళ్లం.

అందుకని బిల్లులో కంపెనీ, మోడల్, ఇంజిన్ ఎవరిది, ఎన్ని సీసీ, ఏ దేశంలో తయారైంది, అన్నీ రాయించుకోండి. చాట్ చెరిపేయకండి. ఫోన్లో మెసేజీలను సాక్ష్యంగా పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ ఇవ్వాలి, దానికి అసలు ఫోన్ చేతిలో ఉంటే సుఖం. అసలు కాని దాన్ని అసలని చెప్పి అమ్మడం వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం తప్పు. మీరు ఉండే చోటి జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయొచ్చు, అమ్మినవాడు ముంబైలో ఉన్నా సరే. రెండేళ్లలోపు వేయాలి. మీరు చెల్లించింది 5 లక్షల లోపే కాబట్టి ఫీజు ఉండదు. ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి చూడండి, కొన్ని అక్కడే తేలిపోతాయి.

ఒకటి మాత్రం గుర్తుంచుకోండి. క్లోన్ అని చెప్పి అమ్మిన క్లోన్ మీద 'ఇది ఒరిజినల్ కాదు' అని కేసు వేయలేరు. లోపం ఉంటేనే వేయాలి. అప్పుడు అవతలి లాయరు మొదట అడిగేది ఆయిల్ గురించే. ఇవి పెట్రోల్‌లోనే ఆయిల్ కలిపి పోయాల్సిన టూ-స్ట్రోక్ ఇంజిన్లు. తయారీదారు 25:1 కలపమంటే లీటరు పెట్రోల్‌కు 40 మిల్లీలీటర్ల ఆయిల్. అది సరిగా కలపక పిస్టన్ పట్టేస్తే తప్పు మీదవుతుంది. కొలత సీసా, ఆయిల్ కొన్న రసీదు పారేయకండి.

పెట్రోల్ మాట వచ్చింది కాబట్టి, మీ బావగారు భయపడాల్సింది నిజానికి ఇక్కడ. నీళ్ల సీసా పట్టుకెళ్తే చాలా బంకుల్లో పోయరు, పోయకపోవడమే సబబు. పెట్రోలియం చట్టం 1934 ప్రకారం, అమ్మకానికి కాకపోతే 30 లీటర్ల లోపు లైసెన్సు లేకుండా ఉంచుకోవచ్చు. కానీ బిగుతైన మూత ఉన్న లోహపు డబ్బాలో ఉండాలి. గాజు, పింగాణీ అయితే ఒక్కోటి లీటరు మించకూడదు. ఆ జాబితాలో ప్లాస్టిక్ లేదు. బండికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు గానీ కాలనీ రోడ్డు మీద తిప్పకండి. సిగ్నల్ తెగితే పది కిలోల బండి ఎవరి కాళ్లకో తగులుతుంది, న్యాయ సంహిత 125 కింద కేసు, పైన వైద్యం ఖర్చు. ఫెయిల్‌సేఫ్ (సిగ్నల్ తెగితే బండిని ఆపే ఏర్పాటు) పనిచేస్తోందో లేదో చక్రాలు పైకెత్తి, రిమోట్ ఆపి చూశాకే నేల మీద పెట్టండి.

ఏది కొనాలన్నారు. చట్టం వైపు నుంచి చూస్తే మూడింట్లో నాకు నచ్చనిది ఆ లక్ష రూపాయల సెకండ్ హ్యాండే. అమ్మే ఆయన వ్యాపారి కాకపోతే వినియోగదారుల కమిషన్ దారి దాదాపు మూసుకుపోయినట్టే. సరుకుల అమ్మకం చట్టం 1930 కింద, చెప్పిన వర్ణనకు వస్తువు సరిపోలేదని సివిల్ కోర్టుకు వెళ్లాలి. లక్ష కోసం ఎన్నేళ్లు తిరుగుతారు? పైగా భాగాలు ఒకదానివొకటి సరిపోతాయి కాబట్టి చాసిస్ బాజాది, ఇంజిన్ ఇంకొకరిది, గేర్లు మరొకరివి అయి ఉండొచ్చు. ఆయన కూడా తెలియకే కొని ఉండొచ్చు. అయినా ఆ బండే మీ మనసులో ఉంటే, డబ్బు పంపే ముందు ఆయనతో ఈ మాట వాట్సాప్‌లో పెట్టించుకోండి: 'ఈ బండి చాసిస్, ఇంజిన్ రెండూ కంపెనీవే, కాదని తేలితే 30 రోజుల్లో లక్ష తిరిగిస్తాను.' తటపటాయిస్తే ఎనభై వేల క్లోన్‌కే బిల్లు రాయించుకోండి.