బుష్ బోల్టు బిగించే ముందు

అనంతపురం,
మంగళవారం.

చిరంజీవి అబ్బాయికి, పెదనాన్న ఆశీస్సులు.

నిన్న ఫోనులో నువ్వు చెప్పిన గుర్తులు మళ్లీ ఆలోచించాను. నీ కారు స్పీడ్ బ్రేకరు దిగేటప్పుడు ముందు ఎడమ పక్క టక్కుమంటోంది, బ్రేకు తొక్కితే స్టీరింగు ఒకవైపు లాగుతోంది, టైరు లోపలి అంచు ఒక్కటే అరిగింది. ఈ మూడూ కలిసి వస్తే లోయర్ ఆర్మ్ బుష్‌లను, అంటే చక్రాన్ని కింద చట్రానికి కలిపే ఇనుప చెయ్యికి చట్రం వైపు ఉండే రబ్బరు కీళ్లను, అనుమానించాల్సిందే. అయినా కళ్లతో చూడకుండా సామాను కొనవద్దు. ఆర్మ్‌కూ చట్రానికీ మధ్య టైరు లివరు, అదే టైరు ఊడదీసే ఇనుప కడ్డీ, పెట్టి మెల్లగా ఒత్తు. మంచి బుష్ కాస్త సాగి వెంటనే వెనక్కి వస్తుంది. పోయిన బుష్ అయితే ఆర్మ్ వదులుగా కదులుతుంది, రబ్బరు చీలిక నోరు తెరుచుకుంటుంది. పైపైన వెంట్రుకల్లాంటి పగుళ్లు మన ఎండలకు ఏ పాత కారుకైనా ఉంటాయి, వాటికి భయపడనక్కర్లేదు. రబ్బరు ఇనుము నుంచి విడిపోయిందా అన్నదే ముఖ్యం. ఆర్మ్ బయటి కొనను చక్రం వైపు కలిపే బాల్ జాయింట్, కారు పక్కకు ఒరగకుండా ఆపే కడ్డీకి ఉండే స్టెబిలైజర్ లింకు కూడా ఇలాగే చప్పుడు చేస్తాయి, వాటినీ కదిపి చూడు.

పని మొదలుపెట్టే ముందు మీ వాకిలి చూసుకో. అక్కడ పరిచినవి కడప బండలు. కింద మట్టి గట్టిగా ఉన్నంతవరకు బాగానే బరువు మోస్తాయి. ఇసుక జారి ఖాళీ ఏర్పడితే మాత్రం జాకీ బరువు ఒక్కచోట పడగానే పగులుతాయి. సుత్తి పిడితో తట్టి చూడు, డొల్లగా మోగిన బండ మీద స్టాండు, అంటే ఎత్తిన కారును ఆపే ఇనుప కాలు, పెట్టకు. ఏ బండ కదులుతుందో మీ అమ్మను అడిగినా చెబుతుంది, రోజూ కడిగేది ఆమే కదా. జాకీ కింద, స్టాండ్ల కింద మందపాటి చెక్కలు వెయ్యి. హ్యాండ్ బ్రేకు వేసి, వెనక చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టు. జాకీ ఉన్నది కారును ఎత్తడానికే. ఎత్తాక బరువు స్టాండ్ల మీద ఉండాలి. ఒట్టి జాకీ మీద నిలబెట్టిన కారు కింద తల పెట్టనని నాకు మాట ఇవ్వు. ఆ రోజు మీ నాన్నను కూడా ఇంట్లోనే ఉండమను.

కారు నేల మీద ఉన్నప్పుడే ఒక కొలత తీసుకో. చక్రం నడిమి నుంచి పైన మడ్‌గార్డు అంచు వరకు ఎన్ని సెంటీమీటర్లు ఉందో టేపుతో కొలిచి, రెండు వైపులా విడివిడిగా కాగితం మీద రాసుకో. దీని అవసరం తర్వాత చెబుతాను.

విప్పడం కష్టం కాదు, తుప్పే ఇబ్బంది పెడుతుంది. ముందురోజు రాత్రే ఆర్మ్ బోల్టులకు తుప్పు వదిలించే నూనె కొట్టి నాననివ్వు. చక్రం నట్లు కారు ఎత్తకముందే కాస్త వదులు చెయ్యి. బాల్ జాయింట్ ఊడాక చక్రం బిగించే హబ్ బయటికి వేలాడుతుంది. దాన్ని తీగతో కట్టు, లేకపోతే బ్రేకు గొట్టం, చక్రాన్ని తిప్పే డ్రైవ్ షాఫ్టు రెండూ లాగుడు పడతాయి. పాత బుష్ తీసేముందు అది ఏ దిక్కుకు కూర్చుందో ఆర్మ్ మీద గీత గీసి పెట్టు. కొన్ని బుష్‌ల రబ్బరులో ఖాళీలు ఉంటాయి, అవి కావాలనే ఒక దిక్కుకు పెట్టినవి. తిప్పి కూర్చోబెడితే కొత్త బుష్ కూడా సరిగా పనిచేయదు.

పాతది ఊడదీసి కొత్తది ఎక్కించే పని మాత్రం ఇంట్లో వద్దని నా సలహా. పొడవాటి బోల్టు, వాషర్లు, సాకెట్లతో లాగి ఎక్కించవచ్చు, నేనూ చేశాను. కానీ సుత్తితో కొడితే రేకు ఆర్మ్ వంగుతుంది, బుష్ గుల్ల సొట్టపడుతుంది. ప్రెస్ ఉన్న లేత్ షాపులో అది కొద్ది నిమిషాల పని. అందుకే ఆదివారం కాకుండా శనివారం పొద్దున్నే మొదలుపెట్టు, షాపు తెరిచి ఉంటుంది. జారడానికి సబ్బు నీళ్లు చాలు. గ్రీజు, ఇంజన్ ఆయిల్ రబ్బరును ఉబ్బించి పాడుచేస్తాయి. ఒక వైపే పోయినా రెండు వైపులా మార్చు.

ఇప్పుడు ఆ కొలత సంగతి. షెడ్డు పెట్టిన కొత్తలో ఒకరి కారుకు బుష్‌లు మార్చి, చక్రాలు గాలిలో వేలాడుతుండగానే బోల్టులు గట్టిగా బిగించాను. కొద్ది నెలలకే అవే బుష్‌లు చీలిపోయి కారు తిరిగి వచ్చింది. సామాను నాసిరకమని అనుకున్నాను. మళ్లీ మార్చాను, మళ్లీ అదే జరిగింది. అప్పుడు కూర్చుని ఆలోచిస్తే తప్పు నాదని అర్థమైంది. బుష్‌లో బయట ఒక ఇనుప గొట్టం, లోపల ఒకటి, మధ్యలో రెండింటికీ అతుక్కున్న రబ్బరు. లోపలి గొట్టాన్ని బోల్టు చట్రానికి బిగించేస్తుంది, ఇక అది తిరగదు. ఆర్మ్ పైకీ కిందికీ ఆడినప్పుడు మెలిపడేది రబ్బరే. వేలాడుతున్నప్పుడు బిగిస్తే, కారు నేలకు దిగగానే రబ్బరు తడిబట్ట పిండినట్టు మెలిపడి, రాత్రీ పగలూ అలాగే ఉండిపోతుంది. ఆపైన గుంతలు. ఎన్నాళ్లు ఆగుతుంది?

కాబట్టి మొదట బోల్టులు చేతికి బిగిసేంతవరకే తిప్పు. స్టాండ్లు అలాగే ఉంచి, ఆర్మ్ బయటి కొన కింద చెక్కముక్కతో జాకీ పెట్టి, నువ్వు రాసుకున్న కొలత వచ్చేదాకా ఎత్తు. అప్పుడే టార్క్ రెంచ్‌తో, అంటే ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే పానాతో, నీ కారు సర్వీసు మాన్యువల్‌లో ఇచ్చిన లెక్కకు బిగించు. రెండో వైపూ అంతే. వాటంతట అవి వదులవని లాక్ నట్లు పాతవి వాడకు.

ఆ తర్వాత వీల్ అలైన్‌మెంట్, అంటే చక్రాల కోణాలు సరిచేయడం, చేయించు. అది కాకుండా బెంగళూరు రోడ్డు ఎక్కవద్దు. వారం తిరిగాక బోల్టులు మరోసారి పట్టి చూడు.

శుక్రవారం రాత్రి నూనె కొట్టడం మరచిపోకు. శనివారం చివరి బోల్టు బిగించే ముందు నాకు ఫోను చేసి, టేపు మీద ఎంత చూపిస్తోందో చదివి వినిపించు.

మీ పెదనాన్న