కాపాడే ఏజెంట్లు ఎందుకు అంతరిస్తున్నాయి?

ప్రశ్న: మా కృత్రిమ జీవ పరిశోధన ప్రాజెక్టులో, అంటే జీవులను కంప్యూటర్‌లో అనుకరించే సిమ్యులేషన్‌లో, గళ్ల మైదానం మీద మేసే ఏజెంట్లు (ప్రోగ్రామ్‌లోని జీవులు), వాటిని వేటాడే ఏజెంట్లు ఉన్నాయి. వేటాడేవాటికి అడ్డుపడి తోటివాటిని కాపాడే రక్షక ఏజెంట్లను కూడా చేర్చాము కాని, అవి కొద్ది తరాల్లోనే అంతరించిపోతున్నాయి. వాటికి అదనపు శక్తి ఇచ్చి నిలబెట్టడం సబబేనా?

జవాబు: అదనపు శక్తి ఇస్తే అవి నిలుస్తాయి; కాని అప్పుడు సిమ్యులేషన్ మీరు ముందే రాసిపెట్టిన జవాబునే మీకు తిరిగి అప్పజెబుతుంది. అసలు అవి అంతరించడం ప్రోగ్రామ్‌లోని లోపం కాకపోవచ్చు. అడ్డుపడే ఏజెంటు తన శక్తిని వెచ్చించి, ప్రాణాపాయాన్ని కూడా కొనితెచ్చుకుంటుండగా, దాని పక్కనే మేస్తున్న ఏజెంటు ఏ ఖర్చూ లేకుండా రక్షణ పొంది ఎక్కువ సంతానాన్ని కంటుంది.

జీవశాస్త్రవేత్త విలియం హామిల్టన్ 1964లో ప్రతిపాదించిన సూత్రం ప్రకారం, రక్షణ పొందిన జీవికి కలిగే లాభాన్ని ఆ రెండింటి జన్యు బంధుత్వంతో హెచ్చించగా వచ్చిన విలువ, కాపాడిన జీవికి కలిగే నష్టాన్ని మించినప్పుడే అటువంటి గుణం వ్యాపిస్తుంది. కాబట్టి పిల్ల ఏజెంట్లను మీరు ఏ గడిలో ఉంచుతున్నారన్నది ముందుగా చూడండి. మైదానంలో ఎక్కడపడితే అక్కడ ఉంచుతుంటే రక్షకుడి ఇరుగుపొరుగు పరాయివే అవుతాయి. తల్లి పక్క గడిలోనే పుట్టిస్తే చాలావరకు బంధువులే అవుతాయి. అయితే ఇందులో ఒక మెలిక ఉంది. పక్కపక్కనే ఉన్న బంధువులు అదే మేతకు, అదే ఖాళీకి పోటీపడతాయి కనుక, బంధుత్వం వల్ల వచ్చిన లాభాన్ని ఆ పోటీ పూర్తిగా హరించవచ్చు. రక్షకులున్న గుంపు పెరిగినప్పుడు చుట్టూ విస్తరించడానికి ఖాళీ గళ్లు మిగిలి ఉండాలి. చాలామంది మరచిపోయేది దీన్నే.

జీవావరణ శాస్త్రవేత్త థామస్ రే 1990ల తొలినాళ్లలో నడిపిన టియెర్రా అనే కృత్రిమ జీవ సిమ్యులేషన్‌లో, తన నకళ్లను తానే తయారుచేసుకునే 80 ఆదేశాల మూల ప్రోగ్రామ్ నుంచి, దాని కోడ్‌నే వాడుకుని బతికే 45 ఆదేశాల పరాన్నజీవులు పుట్టుకొచ్చాయి; ఆ తరువాత వాటికి లొంగని ఆతిథేయులూ (పరాన్నజీవులు ఆధారపడే ప్రోగ్రాములు) పుట్టాయి. ఆ నిరోధక శక్తిని రే రాయలేదు. అది ఆత్మరక్షణే తప్ప పరరక్షణ కాదు, నిజమే. అయినా పద్ధతి మాత్రం అనుసరించదగినది. ‘రక్షకుడు’ అనే ప్రత్యేక జాతిని తీసివేసి, పొరుగు మీద దాడి జరిగినప్పుడు అడ్డువెళ్లే సంభావ్యతను ప్రతి ఏజెంటుకూ వారసత్వంగా సంక్రమించే ఒక సంఖ్యగా పెట్టి, దానిని సున్నాతో మొదలుపెట్టి, ఉత్పరివర్తనలకు వదిలేయండి.

దీనితోపాటు, అడ్డుపడినందుకు అంతే ఖర్చు ఉన్నా పొరుగుకు ఏ మేలూ జరగని మరో సిమ్యులేషన్‌ను కూడా, వేర్వేరు రాండమ్ సీడ్లతో (యాదృచ్ఛిక సంఖ్యల వరుసను మొదలుపెట్టే విలువలతో) అనేకసార్లు నడపండి. అక్కడ కూడా ఆ సంఖ్య అదేవిధంగా పెరిగితే, ఆ పెరుగుదలకు రక్షణను కారణంగా చెప్పడానికి వీలుండదు.