గర్భిణి ఐరన్ మాత్రను టీతో పాటు వేసుకోవచ్చా?

వద్దండి. టీ, కాఫీల్లోని పాలీఫినాల్స్ అనే పదార్థాలు ఇనుమును పేగులోనే పట్టేసుకుంటాయి, ఒంటికి అందేది బాగా తగ్గిపోతుంది. మాత్రకీ టీకీ మధ్య గంటో రెండు గంటలో ఎడం ఉండాలి. నిమ్మరసంతోనో జామకాయతోనో వేసుకుంటే, విటమిన్ సి వల్ల ఇనుము ఒంటికి బాగా పడుతుంది.

నాలుగో నెల నుంచి రోజుకొకటి చొప్పున 180 రోజులు వాడమని ప్రభుత్వం ఇచ్చే ఎర్ర మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. దానితో పాటు కాల్షియం మాత్ర కూడా ఇస్తారు. రెండూ ఒకే గుక్కలో మింగేయడం చాలా ఇళ్లలో చూశాను. కాల్షియం కూడా ఇనుముకు అడ్డుపడుతుంది, కాబట్టి వేర్వేరు పూటల్లో వేసుకోవాలి.

ఇంకొకటి, విరేచనం నల్లగా వస్తోందని టెన్షన్ పడి మా చెల్లెలు మాత్రలు మానేసింది. ఐరన్ వాడేటప్పుడు ఆ రంగు మామూలే. కడుపులో తిప్పుతుంటే రాత్రి భోజనమయ్యాక వేసుకుని చూడండి. అప్పటికీ తగ్గకపోతే మీ అంతట మీరు మానేయకుండా మీ ఊరి ఆరోగ్య కార్యకర్త ఏఎన్‌ఎమ్‌కి చెప్పండి.