ఆఫీసు నుంచి వచ్చాక అరగంటలో రొయ్యలు, పచ్చి క్యాబేజీ

"ఇక్కడి రొయ్యలు రబ్బరులా సాగుతున్నాయండీ, ఏం చేయాలి?" అని ఈ నెలలోనే ముగ్గురు అడిగారు. ముగ్గురూ కొత్తగా అమెరికా వచ్చినవాళ్లే. ఎలా వండారంటే ముగ్గురిదీ ఒకటే జవాబు: అమ్మ చెప్పినట్టు పసుపు, ఉప్పు వేసి నీళ్లు ఇగిరేదాకా ఉడికించి, ఆ తర్వాత ఉల్లిపాయ, మసాలా వేసి ఇంకో పావుగంట మగ్గించారట. ఆ ఇగురు ఆదివారానికి ఉంచుకోండి. ఏడింటికి ఇంటికొచ్చి ఆకలి మీదున్న రోజుకి వేరే పద్ధతి కావాలి.

ముందు సంచి సంగతి. షాపు ఫ్రీజర్‌లో సాధారణంగా బూడిద రంగులో ఉన్నవి పచ్చివి, గులాబీ రంగులో ఉన్నవి అప్పటికే ఉడికించినవి. వచ్చిన మొదటి ఏడాది నేను తెలియక గులాబీవి తెచ్చి ఇగురు పెట్టాను. రెండోసారి ఉడికిన రొయ్యని ఏ మసాలా కాపాడలేదు. కాబట్టి పచ్చివే తీసుకోండి, పెంకు, నల్ల నరం తీసేసినవైతే పని తేలిక. సంచి మీద 26/30, 31/40 అని అంకెలుంటాయి, అంటే పౌనుకి (అర కిలోకి కాస్త తక్కువ) 26 నుంచి 30, 31 నుంచి 40 రొయ్యలని. మా భీమవరం వైపు చెరువు రైతులు "నలభై కౌంటు, వంద కౌంటు" అంటారు చూడండి, అదే కౌంటు, కాకపోతే అక్కడ కిలో లెక్క, అదీ తలతో కలిపి. అంకె చిన్నదైతే రొయ్య పెద్దది. ఇద్దరికి ఒక పౌను 26/30 సరిపోతుంది.

సంచి వెనక్కి తిప్పి కూడా చదవండి. రొయ్యలు, ఉప్పు అని మాత్రమే ఉంటే మంచిది, సోడియం ట్రైపాలీఫాస్ఫేట్ అని ఉంటే నీళ్లు పట్టి ఉంచడానికి కలిపారన్నమాట. అలాంటివి పెనం మీద నీళ్లు వదిలి వేగకుండా ఉడికిపోతాయి, ఉప్పు కూడా సగమే వేయాలి. ఏ దేశపు సరుకో కూడా అక్కడే ఉంటుంది. చాలా ఏళ్లుగా అమెరికాకి రొయ్యలు ఎక్కువగా పంపుతున్న దేశం మనదే, అందులో పెద్ద వాటా ఆంధ్ర చెరువులది. "ప్రోడక్ట్ ఆఫ్ ఇండియా" అని మొదటిసారి చూసిన రోజు ఆ సంచిని పట్టుకుని కాసేపు అక్కడే నిలబడిపోయాను.

ఇంటికి రాగానే, బట్టలు మార్చుకోకముందే, రొయ్యల్ని జిప్ కవర్లో వేసి చల్లని నీళ్ల గిన్నెలో ముంచండి. పావుగంట, ఇరవై నిమిషాల్లో గడ్డ కరిగిపోతుంది. తొందరని వేడినీళ్లు పోయకండి, పైన మెత్తబడి లోపల గడ్డగానే ఉంటాయి.

ఈలోగా క్యాబేజీ. తరిగే ఓపిక లేకపోతే క్యాబేజీ, క్యారట్ సన్నగా తరిగిన కోల్‌స్లా సంచులు ప్రతి షాపులో దొరుకుతాయి, ఇద్దరికి సగం సంచి చాలు. పావు చెంచా ఉప్పు చల్లి చేత్తో రెండుసార్లు నలిపి పది నిమిషాలు వదిలేసి, ఊరిన నీళ్లు గట్టిగా పిండేయండి. ఇది మాత్రం మానొద్దు, పిండకపోతే పది నిమిషాల్లో గిన్నె అడుగున చారు తయారవుతుంది. తర్వాత ఒక నిమ్మకాయ రసం, చిటికెడు పంచదార, సన్నగా తరిగిన పచ్చిమిర్చి, ఉల్లికాడలు, గుప్పెడు కొత్తిమీర కలిపి, రెండు చెంచాల నూనెలో ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు చిటపటలాడించి పైన పోయండి. మయోనైజ్ అక్కర్లేదు. మన కోసంబరి తిన్నవాళ్లకి ఇది కొత్త రుచేమీ కాదు. ఇండియన్ స్టోర్లో పచ్చిమామిడి దొరికితే నిమ్మరసం తగ్గించి అది తురిమి వేయండి, నాకైతే అదే ఇష్టం. వేయించి కచ్చాపచ్చాగా దంచిన వేరుశనగ పలుకులు వడ్డించే ముందు వేస్తేనే కరకరలాడతాయి.

ఇప్పుడు రొయ్యలు. నీళ్లు వంపేసి పేపర్ టవల్ మీద పరిచి, పైన ఇంకోటి వేసి తడి లేకుండా అద్దండి. పసుపు, కారం, మిరియాల పొడి, కొంచెం ఉప్పు, చెంచా నూనె పట్టించండి. అల్లం వెల్లుల్లి ముద్ద అర చెంచా దాటితే మాడుతుంది, నిమ్మరసం ముందే పిండితే కండ గట్టిపడుతుంది. పెనం బాగా కాగనివ్వండి, ఎలక్ట్రిక్ స్టవ్ అయితే నాలుగైదు నిమిషాలు పడుతుంది. ఫ్యాన్ వేసి, కిటికీ తెరిచి, పడగ్గది తలుపు మూసేయండి, లేకపోతే పొగ అలారం మోగుతుంది, చలికోట్లకి వాసన పడుతుంది. రెండు వాయిలుగా వేయండి, ఒకదానికొకటి తగలకుండా. ఒకవైపు రెండు నిమిషాలు కదపకుండా ఉంచి, తిప్పి ఇంకో నిమిషం, నిమిషంన్నర. రొయ్య ఇంగ్లీషు 'సి' అక్షరంలా వంగి, లోపలి గాజురంగు పోయి తెల్లబడగానే తీసేయాలి. గుండ్రంగా 'ఓ'లా చుట్టుకుపోయిందంటే ఆలస్యమైనట్టే. తీశాక వేడి పెనంలోనే వదిలేయకుండా పళ్లెంలోకి మార్చేసి అప్పుడు నిమ్మకాయ పిండండి.

వేడి అన్నంలోకి బాగుంటాయి. అన్నం లేకపోతే టోర్టియాలు (చపాతీల్లాంటి మెక్సికన్ రొట్టెలు) పెనం మీద అటూఇటూ కాల్చి, క్యాబేజీ పరిచి, నాలుగు రొయ్యలు పెట్టి మడిచి తినేయండి.

మిగిలితే మర్నాడు ఆఫీసు మైక్రోవేవ్‌లో పెట్టకండి. మళ్లీ రబ్బరే అవుతాయి, పైగా రొయ్యలు పడని సహోద్యోగులు ఉండొచ్చు. ఇంటికొచ్చాక చల్లగానే ముక్కలు చేసి, అప్పటికప్పుడు కలిపిన క్యాబేజీలో వేసుకోండి.