అమెరికా హైస్కూల్ వరల్డ్ లిటరేచర్ వ్యాసంలో కథ సారాంశం రాస్తే సరిపోతుందా?

సరిపోదు, సారాంశం ఎంత చక్కగా ఉన్నా మార్కులు పడేది మీ వాదనకే. కథ టీచరుకు తెలుసు. రచయిత ఆ కథతో ఏం చెబుతున్నారో, ఎలా చెబుతున్నారో మీరు పట్టుకున్నారా అన్నదే చూస్తారు.

నైజీరియా రచయిత చినువా అచెబె 1958 నవల ‘థింగ్స్ ఫాల్ అపార్ట్’ తీసుకోండి. ‘కథానాయకుడు ఒకాంక్వో ఇకెమెఫునా అనే పిల్లవాడిని నరికాడు’ అన్నది కథ. దాన్ని ఎవరూ కాదనలేరు, కాబట్టి అది వాదన కాదు. ‘ఒకాంక్వో బలమంతా పిరికివాడనిపించుకుంటానన్న భయానికి తొడుగే’ అంటే అది థీసిస్, అంటే వ్యాసమంతా నిరూపించాల్సిన వాదన, కాదనడానికి వీలుంది. ఇక ఆధారం చూపాలి: ఆ పిల్లవాడి చావులో చేయి పెట్టొద్దని ఊరి పెద్ద ముందే హెచ్చరించాడు, అయినా ఒకాంక్వో కత్తి ఎత్తాడు. ప్రతి పేరాలో ఒక్క అంశం, ఒకటి రెండు వాక్యాల కొటేషన్, దాని మీద కనీసం రెండు మూడు వాక్యాల మీ వివరణ ఉండాలి. ఎక్కువమంది కొటేషన్ పడేసి ముందుకెళ్లిపోతారు. మార్కులు పోయేది అక్కడే. ఎంఎల్ఏ పద్ధతి అడిగితే (మన ఎమ్మెల్యే కాదు, కొటేషన్ ఎక్కడిదో చూపే పద్ధతి) కొటేషన్ తర్వాత బ్రాకెట్లో రచయిత ఇంటిపేరు, పేజీ నంబరు, మధ్యలో కామా లేకుండా.

వరల్డ్ లిటరేచర్ అంటే అన్నీ అనువాదాలేనని చాలామంది అనుకుంటారు. అచెబె ఈ నవలను ఇంగ్లిష్‌లోనే రాశారు, కాబట్టి పదాల ఎంపిక మీద నేరుగా వ్యాఖ్యానించవచ్చు. గ్రీకు నాటకం ‘యాంటిగొనీ’ అయితే ఆ పదాలు అనువాదకుడివి. అక్కడ పాత్రలు, సంఘటనల అమరిక మీద వాదన నిలబెట్టడం మేలు.