తొమ్మిది క్రెడిట్లంటే తొమ్మిది గంటలు కాదమ్మా

బుజ్జీ,

నిన్న ఫోన్లో నువ్వన్న మాట ఇంకా నా చెవిలోనే ఉంది. "బీటెక్‌లో సెమిస్టర్‌కి 20 క్రెడిట్లు లాగేశాను మావయ్యా, అమెరికాలో మూడు కోర్సులకి 9 ఒక లెక్కా? నాలుగో కోర్సు కూడా తీసుకుని ఎమ్మెస్ తొందరగా ముగించేస్తా" అన్నావు. సరిగ్గా ఈ లెక్కే వేసుకుని నేను మొదటి సెమిస్టర్‌లో బోర్లా పడ్డాను. అంకెలు నీ కళ్ళ ముందుండాలని ఉత్తరం రాస్తున్నాను.

నీ బీటెక్ మొత్తం 160 క్రెడిట్లు. వారానికి గంట క్లాసుకి ఒక క్రెడిట్, రెండు గంటల ల్యాబుకి ఒకటి. ఇంట్లో చదివింది ఎవరు లెక్కపెట్టారు? పరీక్షల ముందు వారం రోజులు నైటవుట్లు చేస్తే గట్టెక్కేశావు. 2023లో వచ్చిన నేషనల్ క్రెడిట్ ఫ్రేమ్‌వర్క్ సొంతంగా చదివే సమయాన్ని కూడా కలిపి క్రెడిట్‌కి 30 గంటలు అంటోంది గానీ, నీ అలవాటు పాతదే.

అమెరికాలో ఇంటి పని కూడా క్రెడిట్‌లో భాగమే. 2011 జులై నుంచి అమల్లో ఉన్న ఫెడరల్ నిబంధన ప్రకారం ఒక క్రెడిట్ అంటే వారానికి గంట క్లాసు, దానికి తోడు బయట కనీసం రెండు గంటల పని, సుమారు 15 వారాల పాటు. (ఆ గంట చాలాచోట్ల 50 నిమిషాలే, మురిసిపోకు.) అంటే 3 క్రెడిట్ల కోర్సుకి వారానికి 9 గంటలు, సెమిస్టర్‌కి 135. మూడు కోర్సులైతే వారానికి 27, నాలుగైతే 36. అదీ కనీసమే. ప్రోగ్రామింగ్ ప్రాజెక్టున్న కోర్సు ఆ కనీసం దగ్గర ఆగదు.

నేను నాలుగు తీసుకుని, డైనింగ్ హాల్లో వారానికి 20 గంటలు గిన్నెలు కడిగాను. కలిపి 56 గంటలు. అందులో వంట, బట్టలు, బస్సు కోసం మంచులో నిలబడటం లేవు. మిడ్‌టర్మ్ నాటికి నిద్ర పోయింది, సెమిస్టర్ చివర రెండు కోర్సుల్లో 'సి' గ్రేడ్లు వచ్చాయి. గ్రేడ్ల సగటు (4కి) 3 కంటే కిందికి జారి, 'మెరుగుపడకపోతే కష్టం' అనే ప్రొబేషన్ హెచ్చరిక ఉత్తరం అందింది. ఆ సంగతి మీ అమ్మకి ఇప్పటికీ తెలియదు, చెప్పకు.

ఈ కొలత ఎక్కడ మొదలైందో తెలిస్తే నవ్వొస్తుంది. 1906లో అమెరికాలోని కార్నెగీ ఫౌండేషన్ అనే సంస్థ ప్రొఫెసర్ల పింఛన్లకి పెట్టిన షరతుల్లోంచి 120 గంటల 'కార్నెగీ యూనిట్' స్థిరపడింది. ముందు హైస్కూలుకి, ఆ ఒరవడిలోనే కాలేజీలకి. ఎవరెంత నేర్చుకున్నారన్నది అది చెప్పదు, ఎంతసేపు కూర్చున్నారన్నదే చెబుతుంది.

జర్మనీలో ఉన్న మీ అన్నయ్య "నాకు సెమిస్టర్‌కి 30" అంటే కంగారు పడకు. అక్కడ క్రెడిట్‌కి మొత్తం పని కలిపి 30 గంటలే, అమెరికాలో 45.

ఇక నువ్వు చేయాల్సింది. మొదటి సెమిస్టర్ మూడు కోర్సులు చాలు, వాటిలో రెండింటికి మించి ప్రాజెక్టులు ఉండకూడదు. మొదటి వారంలో సిలబస్ చేతికొచ్చాక ప్రతి కోర్సుకీ క్లాసు బయట పట్టే ఆ ఆరు గంటలు ఏ రోజు, ఎప్పుడో క్లాసు టైమ్‌టేబుల్లోనే రాసుకో. అవి ఎక్కడా పట్టకపోతే యాడ్-డ్రాప్ గడువులోపే (కోర్సులు చేర్చుకోడానికీ వదులుకోడానికీ ఇచ్చే గడువు) కోర్సు మార్చు. ఆ తర్వాత వదిలేస్తే ఫీజు వెనక్కి రాకపోవచ్చు. నీది ఎఫ్-1 (విద్యార్థి) వీసా కాబట్టి ఇంటర్నేషనల్ ఆఫీసుతో మాట్లాడకుండా ఫుల్‌టైమ్ కంటే కిందికి మాత్రం దిగకు, స్టేటస్‌కే ముప్పు. సమ్మర్‌లో 'ఒక్క కోర్సేగా' అనుకుంటావు. ఆ 135 గంటలే ఆరు వారాల్లోకి నొక్కితే వారానికి ఇరవై రెండున్నర.

రిజిస్ట్రేషన్ తెరవగానే నువ్వు ఎంచిన కోర్సుల పాత సిలబస్‌లు నాకు పంపు. ఆదివారం కూర్చుని గంటలు లెక్కేద్దాం.

మావయ్య