18 పాయింట్ల దాకా బాగానే ఆడుతుంది, ఆ తర్వాతే టెన్షన్

ప్రశ్న: మాది కూకట్‌పల్లి. మా అమ్మాయి ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీ. ఆరో తరగతి నుంచి బ్యాడ్మింటన్ ఆడుతోంది. ప్రాక్టీస్‌లో అదరగొడుతుంది, టోర్నమెంట్లో మాత్రం 18-12 మీదుండి కూడా ఓడిపోయి వస్తుంది. మెంటల్ స్ట్రెంగ్త్ లేదంటున్నారు కోచ్. ఆట మాన్పించి ఐఐటీ కోచింగ్‌లో చేర్చమంటారా?

జవాబు: ఆ ఒక్క మాట పట్టుకుని మాన్పించకండి. పీవీ సింధు 2017 ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్లో జపాన్ క్రీడాకారిణి ఒకుహరా చేతిలో మూడో గేమ్ 20-22తో పోగొట్టుకుంది. 2018 ఫైనల్లోనూ ఓడింది. ఫైనల్ అంటే చేతులెత్తేస్తుందని అప్పుడు అననివాళ్లు లేరు. 2019 ఫైనల్లో అదే ఒకుహరాను 21-7, 21-7తో ఓడించింది.

మనోబలంలో స్వభావం పాలు కొంత ఉన్నా, సాధనతో వచ్చేదీ చాలా ఉంది. పట్టుదల, సవాలుకు ఎదురెళ్లడం, తన మీద నమ్మకం, ఉద్వేగాల మీద అదుపు అని నాలుగు పాళ్లుగా చూస్తారు సైకాలజిస్టులు. ఇన్నేళ్లు ఆట వదలని పిల్లకు పట్టుదల లేదనగలమా? మీరు రాసినదాన్ని బట్టి తడబడుతున్నది అదుపు దగ్గరే.

ఈసారి మ్యాచ్‌లో 17 దాటాక ఆమెను గమనించండి. సర్వీస్ హడావిడిగా చేసేస్తోందా? ప్రతి పాయింటుకీ గ్యాలరీలో మీ వైపు చూస్తోందా? అలాగైతే పాయింటుకీ పాయింటుకీ మధ్య ఒకే పద్ధతి అలవాటు చేయించాలి: రాకెట్ తీగలు సర్దుకోవడం, ఊపిరి నెమ్మదిగా వదలడం, సర్వీస్ ఎక్కడ వేయాలో మాత్రమే అనుకోవడం. ప్రాక్టీస్‌లో కూడా గేమ్‌ను 18-18 నుంచి మొదలుపెట్టించమని కోచ్‌ను అడగండి. టెన్షన్ లేని ప్రాక్టీస్ ఎంత చేసినా టెన్షన్‌లో ఆడటం రాదు. ఇక ఓడిన రోజు కారులో ఇంటికొచ్చేదాకా పోస్ట్‌మార్టం వద్దు. ఇది మీకే చెబుతున్నాను.

చదువు సంగతంటారా, పొద్దుట కోర్టు, పగలంతా కాలేజీ, రాత్రి స్టడీ అవర్స్ అయితే నిద్రెప్పుడు? నిద్ర చాలని పిల్లకు మూడో గేమ్‌లో నిగ్రహం ఎక్కణ్ణుంచి వస్తుంది? స్టడీ అవర్స్ లేని డే స్కాలర్ కాలేజీ చూడండి. ఐఐటీయా, ఆటా అన్నది ఈ ఏడాది చివర తేల్చుకోవచ్చు. అన్నట్టు, ఆమె ఏమనుకుంటోందో మీ ఉత్తరంలో ఒక్క ముక్క లేదు. ముందు అది అడగండి.

ఓటమి తర్వాత వారాల తరబడి తిండీ నిద్రా పట్టకపోతే మాత్రం అది ఆట సమస్య కాదు. సైకాలజిస్టును కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేసినా తెలుగులోనే మాట్లాడతారు.